పొలంలో ఎండ, చేతికి బ్యాండ్: వడదెబ్బను ముందే పసిగట్టే పరికరాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యవసాయ కూలీల ఒంటికి కట్టే, అతికించే చిన్న పరికరాలతో వడదెబ్బను ముందే కనిపెట్టవచ్చా అని ఈ రెండేళ్ళలో చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో రైతులు, మేస్త్రీలు, ఉపాధి పనుల మేట్లు ఉన్నారు. అమెరికాలో ఉంటూ ఊళ్ళో తల్లిదండ్రుల కోసం ఏదైనా కొని పంపుదామనుకునే పిల్లలూ ఉన్నారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఈ పరికరాలు అసలు ఏం చేస్తాయి?

ఒంటి లోపలి వేడి ఎంతుందో అంచనా వేసి, హద్దు దాటుతుంటే హెచ్చరిస్తాయి. దండకు, అంటే మోచేతి పైభాగానికి, కట్టుకునే బ్యాండ్లు, ఛాతీకి అంటించే ప్యాచ్‌లు, చెమటను కొలిచే పట్టీలు, మింగే మాత్రలు, చేతి వాచీలు ఇలా రకరకాలున్నాయి. ఎక్కువ భాగం గుండె వేగాన్ని, చర్మం వేడిని, కదలికను కొలుస్తాయి. కొలిచిన సంఖ్యలు ఫోనుకు వెళ్తాయి. హద్దు దాటితే పరికరం వణుకుతుంది, మోగుతుంది, లేదా మేస్త్రీ ఫోనుకు సందేశం పోతుంది.

అంతవరకే వాటి పని. ఇవి చల్లబరచవు, నీళ్ళివ్వవు. చెప్పక్కర్లేని మాటలా ఉన్నా చెబుతున్నాను. ఎందుకంటే బ్యాండ్ కొంటే వడదెబ్బ రాదనుకునేవాళ్ళు నిజంగానే ఉన్నారు.

జ్వరం చూసే థర్మామీటర్ సరిపోదా? నుదుటి దగ్గర పెట్టే గన్ ఉంది కదా?

సరిపోదు. కారణం తెలిస్తే మిగతా జవాబులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మనం పార వేసినా, బస్తా మోసినా కండరాలు ఖర్చు చేసే శక్తిలో ముప్పాతిక భాగానికి పైగా వేడిగానే మారుతుంది. అంటే కూలీకి పైనుంచి ఎండ, లోపలినుంచి పని, రెండు పొయ్యిలు. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికున్న పెద్ద దారి చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. ఇక్కడ ఆరడమే ముఖ్యం. కారి నేలమీద పడిన చెమట వల్ల చల్లదనం ఏమీ రాదు.

చెమట ఆరుతున్న నుదురు చల్లగానే ఉంటుంది. లోపల 39 డిగ్రీలున్నా పైన 35 చూపించవచ్చు. ఎండలో కాలిన చర్మం మీద పెడితే అదే గన్ ఎక్కువ చూపిస్తుంది. కొవిడ్ రోజుల్లో గేటు దగ్గర వాడిన గన్ పొలంలో ఎందుకూ కొరగాదు.

ఒంటి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోజంతా పని చేసేవాళ్ళకు అది 38 దాటకూడదన్నది చాలాకాలంగా వృత్తి వైద్యంలో ఉన్న హద్దు. 40 దగ్గరికి చేరి, మాట తడబడి, మనిషి తికమకపడుతుంటే అది ప్రాణం మీదికి వచ్చిన వడదెబ్బ. 38 నుంచి 40 మధ్య ఉన్న ఆ రెండు డిగ్రీల దారిలో ఎక్కడో ఒకచోట ఆపడానికే ఈ పరికరాలు.

వాతావరణ శాఖ ఎలాగూ హెచ్చరిస్తోంది. ఒంటికి వేరే పరికరం ఎందుకు?

వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీలు నీడలో, గాలాడే తెల్ల పెట్టెలో కొలిచినవి. మిరప చేలో వంగి ఉన్న మనిషికి అందే వేడి వేరు. అందుకే వృత్తి భద్రత వాళ్ళు గాలి వేడిని మాత్రమే చూడరు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటర్, మామూలు థర్మామీటర్ మూడింటినీ కలిపి లెక్క కడతారు. ఎండలో పనికి ఆ లెక్కలో తడి థర్మామీటర్‌కు 70 శాతం, నల్ల గోళానికి 20 శాతం, మనం టీవీలో వినే గాలి వేడికి 10 శాతమే. కాకినాడలో 37 డిగ్రీల రోజు అనంతపురంలో 40 డిగ్రీల రోజు కంటే ఎందుకు ఉక్కిరిబిక్కిరి చేస్తుందో ఇందులోనే ఉంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు. వాతావరణ శాఖ కూడా వడగాడ్పు ప్రకటించడానికి మైదానాలకు కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాలకు 37 అని వేర్వేరు హద్దులు పెట్టుకుంది.

ఇంకో సంగతి. ఒకే చేలో, ఒకే ఎండలో, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు పడిపోతారు, ఒకరు పాడుకుంటూ ఇంటికెళ్తారు. రాత్రి నిద్ర, వయసు, బరువు, వేసుకునే మందులు, నిన్నటి విరేచనాలు, ముందురోజు తాగిన సారా అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆకాశాన్ని కొలిచే యంత్రం ఆ తేడా చెప్పలేదు.

ఎక్కడైనా నిజం పొలాల్లో వాడి చూశారా?

చూశారు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడాది.

అక్కడ పియర్సన్ అనే చిన్న ఊరుంది. పూలగుత్తుల మధ్యలో పెట్టే ఫెర్న్ ఆకులకు అది పెట్టింది పేరు. ఫెర్న్‌కు నేరుగా ఎండ పడకూడదు కాబట్టి పైన నల్ల వల కప్పుతారు, లేదా చెట్ల నీడన పెంచుతారు. చూసేవాళ్ళకు నీడ పట్టున పనే కదా అనిపిస్తుంది. లోపల గాలి ఆడదు, నేల ఎప్పుడూ తడి. కూలీలు నడుం వంచి ఆకులు కోసి కట్టలు కడతారు, కట్టల లెక్కన కూలి. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్ళు.

ఫ్లోరిడా వ్యవసాయ కూలీల సంఘం, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం నర్సింగ్ పరిశోధకులు కలిసి ఫెర్న్ తోటల్లో, ఇతర పొలాల్లో కూలీలకు వేడి కొలిచే మాత్రలు మింగించారు, గుండె వేగం చూసే పట్టీలు కట్టారు, పనికి ముందు తర్వాత రక్తం, మూత్రం పరీక్షించారు. 192 మంది, 555 పనిదినాలు. పనికి రాకముందే సగానికి పైగా, అంటే దాదాపు 53 శాతం, ఒంట్లో నీరు తగ్గి ఉన్నారు. పని ముగిసేసరికి అది 81 శాతం. మూడో వంతు మందికి కనీసం ఒక్కరోజైనా కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు రక్తంలో కనిపించాయి. గాలి వేడిని, తేమను కలిపి చెప్పే ఉక్కపోత సూచీ 5 ఫారెన్‌హీట్ డిగ్రీలు, మన లెక్కలో మూడు డిగ్రీల కంటే కాస్త తక్కువ, పెరిగిన ప్రతిసారీ ఆ ముప్పు 47 శాతం పెరిగింది.

పొద్దున్నే నీరు తగ్గి వస్తున్నారన్న సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. నిన్నటి ఎండ ఇంకా వాళ్ళ ఒంట్లోనే ఉందన్నమాట. ఎంత మంచి బ్యాండైనా పొలం గట్టు మీదే మోగుతుంది. రాత్రి ఇంట్లో ఫ్యాను ఉందో లేదో దానికి తెలియదు.

తర్వాత ఎమరీ వాళ్ళే జార్జియా టెక్ ఇంజనీర్లతో కలిసి ఛాతీకి అంటించే మెత్తటి ప్యాచ్ తయారీకి దిగారు. గుండె వేగం, చర్మం వేడి వంటివి కలిపి చూసి, ముప్పు రాకముందే ఫోనుకు హెచ్చరిక పంపాలన్నది లక్ష్యం. అది ఇంకా పరిశోధన దశలో ఉన్న వస్తువు, బజారులో దొరికేది కాదు.

మాత్ర మింగడమా? ప్రమాదం లేదా?

పెద్ద క్యాప్సూల్ అంత ఉంటుంది. లోపల వేడిని కొలిచే చిన్న స్ఫటికం, బ్యాటరీ. పేగుల్లోంచి రేడియో సంకేతం పంపుతూ మామూలుగా రెండు రోజుల్లోపే మలంతో బయటికి పోతుంది. మొదట నాసా, జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాల కలిసి వ్యోమగాముల కోసం తయారుచేశాయి.

పేగులో అడ్డంకులున్నవాళ్ళు, మింగడం కష్టమైనవాళ్ళు, ఎమ్మారై స్కాన్ చేయించుకోబోయేవాళ్ళు వాడకూడదు. చల్లనీళ్ళు తాగగానే కాసేపు తప్పు చూపిస్తుంది కాబట్టి కొన్ని గంటల ముందే మింగాలి. ఒక్కోటి ఒక్కసారికే, ఖరీదు కూడా ఎక్కువ. రోజువారీ కూలికి పనికొచ్చేది కాదు. మిగతా పరికరాలు నిజం చెబుతున్నాయా లేదా అని సరిచూసుకోవడానికి దీన్ని కొలబద్దగా వాడతారు.

గుండె వేగం చూసి లోపలి వేడి ఎలా చెబుతారు?

ఎండలో పని చేసేటప్పుడు గుండెకు రెండు డ్యూటీలు. కండరాలకు రక్తం పంపాలి, వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. పైగా చెమట పోయి రక్తం తగ్గుతుంది. కాబట్టి అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. పొద్దున ఏడింటికి ఒక సాలు కోస్తే 100 కొట్టుకున్న గుండె, పదకొండింటికి అదే సాలుకు 125 కొట్టుకుంటే ఆ తేడాలో వేడి పాలు ఉంది.

దీన్ని ఆధారం చేసుకుని అమెరికా సైన్యం పరిశోధకులు ఒక గణిత పద్ధతి తయారుచేసి 2013లో ప్రచురించారు. నిమిషానికోసారి గుండె వేగం ఇస్తే చాలు, లోపలి వేడి ఎలా మారుతోందో లెక్క కడుతుంది. తప్పు సుమారు డిగ్రీలో మూడో వంతు ఉంటుంది. వినడానికి చిన్నదే. కానీ మనకున్న మొత్తం దారే రెండు డిగ్రీలు. పరికరం 38.2 అంటే నిజంగా 38.5 ఉండవచ్చు, 37.9 ఉండవచ్చు. అంకెను పట్టుకు కూర్చోకుండా, అది పైకి పోతోందా కిందికి వస్తోందా అని చూడటం మంచిది.

మా అబ్బాయి పంపిన స్మార్ట్‌వాచ్ సరిపోతుందా?

కొంతవరకు. వాచీ కింద మెరిసే పచ్చ దీపం చర్మం కింద రక్తం పొంగు చూసి గుండె వేగం చెబుతుంది. కూర్చున్నప్పుడు బాగానే చెబుతుంది. కొడవలి పట్టినప్పుడు, కాయ తెంపుతున్నప్పుడు మణికట్టు క్షణం ఆగదు. చెమటకు వాచీ జారుతుంది. కదులుతున్నప్పుడు ఇలాంటి వాచీల పొరపాటు విశ్రాంతిలో ఉన్నప్పటికంటే సగటున 30 శాతం ఎక్కువని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. అందుకే పనివాళ్ళ కోసం తయారుచేసే బ్యాండ్లను దండకు కడతారు. అట్లాంటా కంపెనీ స్లేట్‌సేఫ్టీ బ్యాండ్ అలాంటిదే.

నేనూ ఒక చవక వాచీ పెట్టుకుని మిరప కోతకు దిగాను. గంటసేపు నా గుండె 78 దగ్గరే ఉందంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి లెక్కపెట్టుకుంటే 130 పైనే ఉంది.

మీ దగ్గర వాచీ ఉంటే ఇలా వాడండి: పని ఆపి, నిలబడి, చెయ్యి కదపకుండా ఒక నిమిషం ఉంచి చూడండి. ఆగిన నిమిషం తర్వాత కూడా 120 పైనే ఉంటే ఒళ్ళు వేడిని తట్టుకోలేకపోతోందని అర్థం. పనిలో ఉన్నప్పుడైతే, 180లోంచి మీ వయసు తీసేయండి. నలభై ఏళ్ళ మనిషికి 140. అంతకంటే ఎక్కువ వేగం కొన్ని నిమిషాలపాటు తగ్గకుండా ఉంటే పని ఆపాలన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క.

మా నాన్నకు బీపీ ఉంది. ఆయనకూ ఇదే లెక్కా?

కాదు, ఇక్కడ జాగ్రత్త. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఒంట్లో వేడి 39కి చేరుతున్నా గుండె 100 దగ్గరే ఉండవచ్చు, బ్యాండ్ అంతా బాగుందని చెబుతుంది. నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళు అందరికంటే ముందు ఎండిపోతారు. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. వేసవి పనులకు ముందు ఒకసారి డాక్టరుకు చూపించి, ఎండలో పని చేస్తానని నోరు తెరిచి చెప్పండి. చాలామంది చెప్పరు, డాక్టర్లూ అడగరు.

చెమటను కొలిచే ప్యాచ్‌లు?

అమెరికాలోని ఎపికోర్ లాంటి కంపెనీలు తయారుచేస్తున్నాయి. ఎంత చెమట పోయింది, అందులో ఉప్పెంత అన్నది చెప్పి, ఇప్పుడు ఇన్ని నీళ్ళు తాగు అంటాయి. ఒంటి లోపలి వేడిని ఇవి కొలవవు. పెద్ద చమురు కంపెనీల పనివాళ్ళు వాడుతున్నారు. మనకు వీటి అవసరం అంతగా లేదని నా అభిప్రాయం. ఎందుకో కాటా గురించి చెప్పేచోట చూడండి.

అలారం మోగింది. ఇప్పుడేం చేయాలి?

మనిషి బాగానే మాట్లాడుతుంటే నీడకు తీసుకెళ్ళండి. పైచొక్కా, తలపాగా తీయించి, ఒళ్ళు తడిపి, విసరండి. నీళ్ళో మజ్జిగో ఓఆర్‌ఎస్సో కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం దానిమీద రాసినన్ని నీళ్ళలోనే, పెద్ద ప్యాకెట్ అయితే లీటరులో, కలపాలి, గ్లాసులో కలిపి చిక్కగా తాగిస్తే మేలుకు బదులు చెరుపు. గుండె వేగం, మనిషి వాలకం మామూలుకు వచ్చేదాకా మళ్ళీ పనిలో దించొద్దు.

మాట తేడాగా ఉంటే, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే, తూలుతుంటే, ఫిట్స్ వస్తే, సోయి తప్పితే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పని చేస్తూ వడదెబ్బ తగిలినవాళ్ళకు చాలాసార్లు చెమట కారుతూనే ఉంటుంది. 108కు ఒకరు ఫోను చేస్తుండగానే మిగతావాళ్ళు మనిషిని తడపాలి. బోరు దగ్గర ఉంటే పైపు పెట్టేయండి, తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడదాకా ముంచండి. ఐసు ఉంటే మెడకు, చంకలకు, గజ్జలకు. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రి ప్రయాణం. సోయి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయవద్దు. పారాసిటమాల్ వేయవద్దు, ఇది జ్వరం కాదు కాబట్టి పనిచేయదు.

మందు కొట్టేటప్పుడు పడిపోతే?

అది వడదెబ్బ కావచ్చు, పురుగుమందు విషమూ కావచ్చు. రెండింటిలోనూ చెమటలు, వాంతులు, తికమక ఉంటాయి. కంటిపాప సూదిమొనంత చిన్నదైపోయి, నోటివెంట చొంగ కారుతుంటే మందు అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ బట్టలు తీసి ఒళ్ళంతా కడగడం మంచిదే. మందు డబ్బా, కనీసం దాని లేబుల్, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ బ్యాండూ ఈ తేడా చెప్పలేదు.

అలారం మోగినా కూలీలు ఆగరు కదా?

ఆగరు. నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మిరప కోతల సంగతే తీసుకోండి. జనవరి నుంచి కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. కిలోల లెక్కన కూలి. పదిహేను నిమిషాలు నీడన కూర్చుంటే ఆ పదిహేను నిమిషాల కాయ పోయినట్టే. పక్క సాలులో ఉన్న వదిన ముందుకెళ్ళిపోతుంది. ముఠా మొత్తం ఒకే ఆటోలో వెళ్ళాలి, తనవల్ల ఆలస్యమైందన్న మాట పడాలి. ఇన్నింటి మధ్య చేతికున్న బ్యాండ్ వణికితే ఏం చేస్తారు? తీసి కొంగున ముడేసుకుంటారు. నేనైనా అదే చేస్తాను.

కాలిఫోర్నియాలో కూలీల మీద జరిగిన అధ్యయనంలో రోజుకూలి వాళ్ళకంటే కాయల లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు ఒక్క పనిదినంలోనే కిడ్నీ దెబ్బతినే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని తేలింది. ఎండ ఒకటే, కూలి కట్టే పద్ధతి వేరు.

కాబట్టి బ్యాండ్ తెచ్చే రైతు, సంస్థ, ప్రభుత్వం ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అలారం మోగి కూర్చున్న సమయానికి కూలి ఎవరిస్తారు? కిలోల లెక్కలోనూ విరామానికి ఇంత అని కట్టి ఇవ్వవచ్చు. ఒకరికి మోగితే ముఠా అంతా పది నిమిషాలు ఆగాలన్న నియమం పెడితే ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరు. గంటకోసారి అందరికీ విరామం పెట్టేస్తే, బ్యాండ్‌కు మోగే పనే తగ్గుతుంది. కూలి సంగతి తేలకుండా కొన్న బ్యాండ్లు రెండో వారానికి అలమరలో ఉంటాయి.

మా వివరాలు యజమానికి తెలిస్తే?

భయం న్యాయమైనదే. ఎవరి గుండె ఎంత కొట్టుకుంటోంది, ఎవరు ఎన్నిసార్లు ఆగారు, ఎక్కడ నిలబడ్డారు అన్నీ ఫోనులో ఉంటాయి. తరచూ అలారం మోగే మనిషిని వచ్చే ఏడు పిలవకపోతే? గర్భం, గుండెజబ్బు సంగతి బయటపడితే? అమెరికాలో పంటపొలాల కూలీల్లో దాదాపు 40 శాతం మందికి ఆ దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన కాగితాలు లేవు. తామెక్కడున్నదీ చెప్పే పరికరం ఒంటికి కట్టించుకోవడం వాళ్ళకు చిన్న విషయం కాదు.

మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అయినా కూలీ కోర్టుకెక్కే పరిస్థితి ఎక్కడిది? చేతిలో ఉన్న ఉపాయం: హెచ్చరిక ముందు కూలీకే తెలియాలి. మేస్త్రీకి ఆ నిమిషం వరకు తెలిస్తే చాలు, చరిత్ర అక్కర్లేదు. యజమానికి పేర్లు లేకుండా, ఈ రోజు ఇన్నిసార్లు మోగింది అన్న లెక్క చాలు. వద్దన్నవాళ్ళకు పని పోకూడదు.

చట్టాలు ఏమంటున్నాయి?

కాలిఫోర్నియా 2005లోనే ఎండలో పనికి నియమాలు తెచ్చింది. మనిషికి గంటకు సుమారు లీటరు తాగునీరు, 80 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 27 డిగ్రీల సెల్సియస్, దాటితే నీడ. మన మేస్త్రీలకు చెబితే నవ్వారు, 27 అంటే మనకు శీతాకాలం మధ్యాహ్నం. అమెరికా అంతటికీ వర్తించే నియమాన్ని కేంద్ర కార్మిక శాఖ 2024లో ప్రతిపాదించింది. అదే ఏడు ఫ్లోరిడా మాత్రం కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), నగరాలు సొంతంగా ఎండ నియమాలు పెట్టకూడదని చట్టం చేసింది. ఫెర్న్ కూలీలకు ప్యాచ్‌లు అంటించి చూస్తున్న రాష్ట్రంలోనే ఈ వింత.

మన దగ్గర తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మనిషి పోయాక వచ్చే డబ్బు అది.

కొత్తగా వచ్చిన కూలీల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలంటారు, ఎందుకు?

ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. అలవాటయ్యాక చెమట ముందుగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అమెరికాలో ఆరుబయట పనుల్లో ఎండకు చనిపోయినవాళ్ళలో సగం నుంచి 70 శాతం మంది పనిలో చేరిన తొలి రోజుల్లోనే పోయారు. అందుకే అక్కడి సలహా: కొత్తవాళ్ళకు మొదటిరోజు అయిదో వంతు పని, తర్వాత రోజుకు మరో అయిదో వంతు పెంచుతూ పోవాలి. జబ్బుపడి లేచినవాళ్ళు, పెళ్ళికో జాతరకో వారం ఊరెళ్ళి వచ్చినవాళ్ళు, సెలవుల్లో దిగిన కాలేజీ పిల్లలు కూడా కొత్తవాళ్ళ కిందే లెక్క.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు దీనికి సంబంధం ఉందా?

శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో షుగరు, బీపీ లేనివాళ్ళకూ కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్ళు, మట్టి, మందులు, జన్యువులు ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం వాటిలో ఒకటి.

ఇలాంటి జబ్బే నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఉంది. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు దగ్గర లా ఇస్లా నెట్‌వర్క్ అనే సంస్థ నీళ్ళు, నీడ, విరామం గట్టిగా అమలు చేయించి, ఏటా కూలీల రక్తం పరీక్షించింది. కిడ్నీ దెబ్బతినడం బాగా తగ్గింది. అక్కడ సాయపడినవి డేరా, డ్రమ్ము, ఈల.

ఒక మాట: సాయంత్రం ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు వేసుకునే అలవాటు మన పల్లెల్లో ఎక్కువ. నీరు తగ్గిన ఒంట్లో ఆ బిళ్ళ కిడ్నీకి రెండో దెబ్బ.

ఐసు జాకెట్లు, తడి తువ్వాళ్ళు పనిచేస్తాయా?

ఫ్లోరిడాలోనే చిన్న ప్రయోగం జరిగింది. కొందరికి చల్లబరిచే జాకెట్, కొందరికి మెడకు చుట్టుకునే చల్లటి రుమాలు ఇచ్చారు. రుమాలు కట్టుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. జాకెట్ బరువు, దాని కింద ఆరని చెమట మేలు కంటే చెరుపు చేసి ఉండవచ్చు. పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి తుది తీర్పు అనలేం. మన తువ్వాలు తక్కువదేం కాదని మాత్రం అనవచ్చు, తడిగా ఉంచితే.

ఆడకూలీలకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి, అందులో మొదటిది ఎవరూ పైకి అనరు. చేలో మరుగు లేదు. అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగడమే మానేస్తారు. ఏ అలారం మోగినా, గ్లాసు చేతికిచ్చినా తాగరు. గట్టున నాలుగు కర్రలు పాతి పట్టా చుట్టి మరుగు కడితే, బ్యాండ్ కంటే ఎక్కువ మేలు జరగవచ్చు.

రెండోది, మిరప చేలో చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా వేసుకుంటారు, మంటకు, ఎండకు. దండకు కట్టే బ్యాండ్ ఆ చొక్కా కింద బిగుసుకుంటుంది, మణికట్టున గాజులు అడ్డం. ఛాతీ ప్యాచ్ పొలంలో మార్చుకోవడం కుదరదు, ఇంట్లోనే అంటించుకుని రావాలి. గర్భిణులకు ఈ పరికరాల హద్దులు వర్తించవు. వాళ్ళకు మిట్ట మధ్యాహ్నం పని చెప్పకపోవడమే పద్ధతి.

పరికరం కొనలేం. ఏం చేయగలం?

చాలా చేయవచ్చు. మిరప కల్లంలో, పత్తి దగ్గర కాటా ఎలాగూ ఉంటుంది. పొద్దున పనికి దిగేముందు, సాయంత్రం ఎక్కేముందు మనుషులు కూడా అదే కాటా ఎక్కండి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు. 50 కిలోల మనిషి ముప్పాతిక కిలో కంటే ఎక్కువ తగ్గితే ఆ రోజు చాలినంత తాగలేదని అర్థం. నేను చెమట ప్యాచ్ మనకెందుకన్నది ఇందుకే.

పని ఆపిన నిమిషానికి మెడ దగ్గర నాడి పట్టి అర నిమిషం లెక్కపెట్టండి, 60 దాటితే ఇంకాసేపు కూర్చోండి. మూత్రం రంగు చూసుకోండి, ఆవనూనె రంగులో ఉంటే నీళ్ళు చాలలేదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసు తాగండి. గంటకు లీటరున్నర మాత్రం దాటొద్దు, రక్తంలో ఉప్పు పలచబడితే అదీ ప్రమాదమే. ఇద్దరిద్దరు జతగా ఉండి ఒకరి మాట తీరు ఒకరు గమనించండి. వడదెబ్బ తగులుతున్న మనిషికి తన సంగతి తనకు తెలియదు.

ముఠాకంతా కలిపి ఒక్క బ్యాండే ఉంటే ఎవరికి కట్టాలి?

మేస్త్రీకి మాత్రం కట్టొద్దు, ఆయన గట్టు మీద ఉంటాడు. ఈ వారమే కొత్తగా చేరినవాళ్ళకు కట్టండి. కొత్తవాళ్ళు లేకపోతే, అందరికంటే వేగంగా కోసే మనిషికి కట్టండి. ఆగమని ఎవరూ చెప్పనిది ఆ మనిషికే.